గాలిమాట కాదు

నిరుడు మాఘమాసంలో ఒక ఉదయం మా ఆవిడ మిద్దె మీద పాత పంచె పరిచి, గుమ్మడికాయ వడియాలు పెట్టబోతూ నన్ను పిలిచింది. ప్రక్కింటివారు ఇల్లు కట్టుకుంటున్నారు. మాకు తూర్పున, గోడ వారగా కూలీలు ఇసుక జల్లిస్తున్నారు. "ఏమండీ, ఈ పూట గాలి ఎటునుంచి వుంటుందో మీ ఫోనులో చూసి చెప్పండి. దుమ్ము ఇటు వచ్చేటట్లయితే రేపు పెట్టుకుంటాను" అంది.

ఇంట్లో నా సలహాకు విలువ వచ్చే సందర్భాలు అరుదు. కళ్ళజోడు పెట్టుకుని ఫోను చూసి, పడమటి గాలి అనీ, గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగమనీ, దుమ్ము వాళ్ళింటి మీదికే పోతుందనీ తీర్పు చెప్పాను. పాపం, నమ్మింది. పదిగంటలకల్లా వడియాలన్నిటికీ సన్నటి ఇసుకపూత పట్టింది. పళ్ళ క్రింద కరకరలాడేది వడియమో ఇసుకో తెలియక వేసవి అంతా ఇంటిల్లిపాదీ అవస్థపడ్డాం.

"మీ ఫోనులో పడమటి గాలే కావచ్చు. మన మిద్దె మీదిది మాత్రం తూర్పుగాలి" అన్నది మా ఆవిడ. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. అందుకే ఆ మాట నా మనస్సులో నాటుకుపోయింది.

ఆ మాటలో పెద్ద శాస్త్రమే వుందని నాకప్పుడు తెలియదు. లెక్కవేసిన గాలి ఒకటి, నిజంగా వీచిన గాలి ఒకటి. ఈ రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి, తేడా ఎంత, ఎందువల్ల అని చూడటమే కొందరికి జీవితకాలపు పని. మా అక్క కూతురు ఆ పనిలోనే వుంది. విశాఖపట్నంలో వుండి వాతావరణశాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. సముద్రతీరపు గాలిని కంప్యూటరు ఎట్లా ఊహిస్తుంది, తీరాన నిలబెట్టిన స్తంభం మీది యంత్రం ఏం కొలుస్తుంది, రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నది ఆమె విషయం.

నాకా, తెలుగు ఎం.ఏ. చదివినందుకు, తెలిసిన గాలి మలయమారుతం ఒక్కటే. ప్రబంధాలలో వసంతం వచ్చిందంటే దక్షిణాన మలయపర్వతం నుంచి చందనపు వాసన మోసుకుని చల్లగా, మెల్లగా గాలి వీచి తీరవలసిందే. ఇరవై ఏళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. రాయచోటిలో వసంతకాలాన వీచేది వడగాలి కదా సార్ అని ఒక్క పిల్లవాడూ లేచి అడగలేదు. నాకూ తోచలేదు. కవులు చెప్పిన గాలిని బయటికి వెళ్ళి కొలవాలని ఎవరికి తోస్తుంది?

వడియాలు తోపించాయి. జూన్‌లో కాలేజీ తెరవగానే భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి పట్టుకున్నాను. ఆయన తన గదిలోంచి ఒక చిన్న యంత్రం తీశాడు. నిలువు కడ్డీ మీద మూడు గిన్నెలు గాలికి గిరగిర తిరుగుతూ వుంటాయి. ఎన్నిసార్లు తిరిగాయో లెక్కపెడితే వేగం తెలుస్తుంది. 1846లో ఐర్లండు దేశంలో రాబిన్సన్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు చేసిన ఏర్పాటు అది. ఆయన నాలుగు గిన్నెలు పెట్టాడు. తర్వాతివాళ్ళు మూడు చాలునన్నారు. దిక్కు చూపడానికి మావాళ్ళు రేకుతో ఒక కోడిపుంజును కోసి, ఇరుసు మీద నిలబెట్టారు. రెంటినీ కాలేజీ మిద్దె మీద బిగించాం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూడాలి. దేశంలోని వాతావరణ కేంద్రాలు ఉదయపు కొలత తీసే వేళ అదే. నలుగురు విద్యార్థులు వంతులు వేసుకున్నారు. నేను గట్టి అట్ట నోటుపుస్తకం కొని గళ్ళు గీశాను. ఒక గడిలో ఫోను చెప్పిన గాలి, దాని ప్రక్క గడిలో మా కోడిపుంజు చెప్పిన గాలి.

ఇక్కడ ఒక మాట. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి. సముద్రంలో ప్రవాహానికి మాత్రం అది పోయే దిక్కుతో పేరు పెడతారట. గాలికి పుట్టింటి పేరు, నీటికి అత్తింటి పేరు అన్నమాట. ఇది మా పిల్లలకు బాగా నచ్చింది.

ఏడు నెలలు రాశాం. ఫోనుకూ కోడిపుంజుకూ సఖ్యత తక్కువేనని తేలింది. వర్షాకాలమంతా ఫోను బలమైన పడమటి గాలి అనేది. మా గిన్నెలు నిద్రపోతూ వుండేవి. "చూశావా, అంతా గాలిమాటలు!" అని ఇంటికి వచ్చి చెప్పేవాణ్ణి. మా ఆవిడ సంతోషించేది. ఈ సంక్రాంతికి మేనకోడలు వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి, విజయగర్వంతో ఆమె ముందు పెట్టాను.

ఆమె పుస్తకం తెరవలేదు. "ముందు ఫోను ఏం చెబుతుందో తెలుసుకో మామా, తర్వాత తిడుదువు" అంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. భూగోళం మీద గళ్ళదుప్పటి కప్పినట్లు ఊహించండి. దుప్పటి మీద దుప్పటిగా ఆకాశం దాకా గళ్ళే. ప్రతి గడిలోనూ ఈ క్షణాన గాలి ఎంత, వేడి ఎంత, తేమ ఎంత అని అంకెలు వేస్తారు. ప్రక్క గళ్ళ ఒత్తిడి వల్ల మరుక్షణం ఈ గడిలో ఏమవుతుందో భౌతికశాస్త్ర సూత్రాలతో కట్టుకుంటూ పోతారు. ఇదే నమూనా. మన దేశపు లెక్కలో గడి వెడల్పు పన్నెండు కిలోమీటర్లు వుండేది. 2025 మే నెలలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే కొత్త ఏర్పాటుతో ఆరు కిలోమీటర్లకు వచ్చింది. ఆరు కిలోమీటర్లంటే మా ఊరికి ఎంత? కొండా, చెరువూ, బస్టాండూ, వీరభద్రస్వామి గుడీ, మా మిద్దె, ప్రక్కింటి ఇసుకకుప్ప అన్నీ ఒక గడిలోనో రెండు గళ్ళలోనో ఇమిడిపోతాయి. అందరికీ కలిపి ఒకటే గాలి.

"ఫోను అబద్ధమాడలేదు మామా. గడి మొత్తానికి సగటు చెప్పింది. నువ్వు అత్త వడియాలకు అన్వయించుకున్నావు" అంది. మా ఆవిడ వంటింట్లోంచి ఈ మాట విని నవ్వింది.

ఇక సముద్రతీరంలో ఈ చిక్కు పదింతలు. ఎండ ఎక్కితే నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి దూసుకు వస్తుంది. మధ్యాహ్నపు సముద్రపుగాలి ఇదే. రాత్రి నేల చల్లబడి వ్యవహారం తిరగబడుతుంది. కాని తీరంరేఖ గళ్ళ ప్రకారం పోదు. ఒకే గడిలో సగం నీరు, సగం ఇసుక, నాలుగు సరుగుడు తోటలు, ఒక వూరు. నున్నటి నీటి మీద గాలికి అడ్డు లేదు. ఒడ్డెక్కగానే చెట్లూ ఇళ్ళూ పట్టుకు లాగుతాయి. ఆ గడిని నేల అనాలా, నీరు అనాలా? ఏది అన్నా తప్పే. అందుకని సముద్రపుగాలి పదకొండింటికి వస్తే కంప్యూటరు ఒంటిగంటకు అనవచ్చు. మెల్లని గాలిని కాస్త పెంచి చెప్పటం, ఉధృతమైన గాలిని కాస్త తగ్గించి చెప్పటం ఈ నమూనాలలో తరచు కనిపించే గుణమట.

"అయితే యంత్రాన్నే నమ్మితే పోలేదా?" అన్నాను.

"యంత్రం మాత్రం సత్యహరిశ్చంద్రుడా?" అంది. నేలకు పది మీటర్ల ఎత్తున కొలవాలని అంతర్జాతీయ నియమం. సముద్రంలో లంగరు వేసి వదిలిన తేలియాడే బోయాల మీద యంత్రం వుండేది మూడు మీటర్ల ఎత్తున. నీటి ఉపరితలానికి దగ్గరైనకొద్దీ గాలి మందగిస్తుంది. కనుక మూడు మీటర్ల గాలిని పది మీటర్లకు హెచ్చించి గాని పోల్చరాదు. ఆ హెచ్చింపు కూడా ఒక లెక్కే. ఉపగ్రహాలున్నాయి. 2009 సెప్టెంబరు 23న మన శ్రీహరికోట నుంచే ఓషన్‌శాట్-2 వెళ్ళింది. అందులోని యంత్రం సముద్రం మీదికి రేడియో తరంగాలు పంపి, గాలికి లేచిన చిన్న చిన్న అలల నుంచి తిరిగివచ్చిన ప్రతిధ్వనితో గాలిని అంచనా కట్టేది. కాని ఒడ్డుకు దగ్గరైతే నేల ప్రతిధ్వని వచ్చి కలుస్తుంది. అంటే జనం కాపురముండే తీరం దగ్గరే దాని చూపు ఆనదు.

ఇదంతా సముద్రం మొగం ఎన్నడో గాని చూడని రాయచోటివాళ్ళకెందుకు అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. జవాబుగా ఆమె నన్నే ఒక ప్రశ్న అడిగింది. "2021 నవంబరు మరచిపోయావా మామా?"

మరవలేదు. ఆ నెల 19వ తేదీ తెల్లవారుజామున వాయుగుండం పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. అక్కడికీ మాకూ ఎంత దూరం! బంగాళాఖాతం మీద తేమ మోసుకుని వచ్చిన తూర్పుగాలి శేషాచలం, పాలకొండల వరుసలకు తగిలి పైకెక్కి, మోయలేక క్రుమ్మరించింది. చుక్కనీటికి మొగం వాచిన సీమలో వాగులన్నీ పొంగాయి. అదే ఉదయం చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట నీళ్ళ పాలైనాయి. పదులకొద్దీ ప్రాణాలు పోయాయి. మా వూరి మాండవ్య నీళ్ళు కూడా చివరకు చేరేది ఆ చెయ్యేటినే. సముద్రం మీద గాలి ఎంత బలంగా, ఏ కోణంలో ఒడ్డెక్కుతుందన్నది సీమవాడికి కూడా ప్రాణంతో వున్న లెక్క అని ఆ ఏడు తెలిసింది.

అందుకే ఈ కొలతలకు అంత ఆరాటం. శ్రీహరికోటలో వంద మీటర్ల స్తంభం నిలిపి, అంచెలంచెలుగా యంత్రాలు బిగించి కొలిచారు. అక్కడ రాకెట్టు ఎగరాలంటే గాలి అనుమతి కావాలి. కల్పాక్కంలో అణువిద్యుత్కేంద్రం వుంది గనుక, ఏదైనా జరగరానిది జరిగితే గాలి దాన్ని ఏ వూరివైపు మోస్తుందో ముందే తెలియాలి. అక్కడా స్తంభాలు నిలిపి, సముద్రపుగాలిని కంప్యూటరు లెక్కతో పోల్చి చూస్తున్నారు. హైదరాబాదులో, సముద్రానికి అంత దూరంలో, ఇన్‌కాయిస్ అనే సంస్థ కూర్చుని దేశమంతటి జాలరులకు అలల ఎత్తు చెబుతున్నది. అలను లేపేది గాలే గనుక గాలి లెక్క తప్పితే అల లెక్కా తప్పుతుంది, పడవ నడిసముద్రంలో వుంటుంది. మాకు దగ్గరలోనే, పాకాల ప్రక్కన గాదంకిలో, 1,024 యాంటెన్నాలు తోటలా నాటిన రాడార్ ఒకటి ఆకాశంవైపు చూస్తూ మన నెత్తిమీద ఎన్నో కిలోమీటర్ల ఎత్తున పోయే గాలిని కొలుస్తుంది. తిరుపతి పోతూ ఆ దారిన ఎన్నిసార్లు వెళ్ళానో! అదేమిటని ఒక్కనాడూ అడగలేదు.

హుద్‌హుద్ సంగతి కూడా చెప్పింది. ఒమన్ దేశం పెట్టిన పేరు; అదొక పిట్ట పేరట. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నానికి విశాఖ దగ్గర ఆ తుపాను తీరం దాటింది. ఆ ప్రాంతానికే వస్తుందని రోజుల ముందే చెప్పగలిగారు, జనాన్ని తరలించగలిగారు. గంటకు 180 కిలోమీటర్ల చుట్టుప్రక్కల గాలి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. హుద్‌హుద్‌కు ఆంధ్రలో ప్రాణనష్టం పదులలో ఆగింది. ఆ తేడాలో గాలి లెక్కలకు చాలా వాటా వుంది. అయితే ఆ గాలిని కనిపెట్టి చూడవలసిన విశాఖ రాడారే ఆ గాలికి దెబ్బతిని చూపు పోగొట్టుకుంది. "అన్నిటికంటే ముఖ్యమైన గంటల్లో దాని గడి ఖాళీ మామా. ఆ ఖాళీని ఖాళీగానే చూపించారు" అంది.

ఆ మాట ఎందుకన్నదో అప్పుడు నాకు తట్టలేదు.

మర్నాడు కనుమ. గారెలు తిని, చాప పరచుకుని, నా నోటుపుస్తకం తెరిచింది. నేను ముందుగానే సగటు తీసి పెట్టాను. ఏడు నెలలకూ కలిపి వేగంలో తేడా గంటకు రెండు కిలోమీటర్లు మాత్రమే.

"సగటున రెండేనా? ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కదా. మన కడప బస్సు ఒకరోజు అరగంట ముందు పోయి, ఇంకొకరోజు అరగంట ఆలస్యంగా వస్తే, సగటున సరిగ్గా వచ్చిందని నువ్వు సంతోషిస్తావా?" అంది. ముందు పోయిన బస్సు నాకు అనుభవమే. తప్పు ఎటువైపు అన్నది ఒక లెక్క, ఎంత అన్నది ఇంకొక లెక్క. రెండూ వేయాలట.

దిక్కుల సగటు సంగతి చెప్పుకోవటానికే సిగ్గు. ఉత్తరానికి కాస్త ఎడమగా వచ్చిన గాలి 350 డిగ్రీలు. కాస్త కుడిగా వచ్చింది 10 డిగ్రీలు. రెండూ కూడి సగం చేస్తే 180. అంటే దక్షిణం! రెండు రోజులూ ఉత్తరగాలి వీస్తే నా పుస్తకంలో దక్షిణగాలి వీచింది. మలయమారుతం నన్ను విడిచిపెట్టలేదన్నమాట.

మరొక చిక్కు విని ఆశ్చర్యపోయాను. సముద్రపుగాలి వస్తుందని చెప్పిన నమూనా, వేళ రెండు గంటలు తప్పితే రెండుసార్లు దెబ్బ తింటుంది: లేని వేళ వుందన్నందుకు ఒకటి, వున్న వేళ లేదన్నందుకు ఒకటి. అసలు గాలే రాదన్న నమూనాకు ఒకటే దెబ్బ. వాల్యుయేషన్‌లో నేను చూసేదే ఇది. తెగించి రాసి తడబడిన పిల్లవాడికంటే ఏమీ రాయనివాడు నయమనిపించేటట్లు మార్కులు వేస్తే, మరుసటేడు ఎవ్వడూ రాయడు. కనుక మార్కు వేసే పద్ధతిని కూడా కనిపెట్టుకుని వుండాలి.

తర్వాత ఆమె జూన్ నుంచి సెప్టెంబరు దాకా పేజీలు తిప్పి, "మామా, మీ యంత్రానికి పడమట ఏదైనా అడ్డం వుందా?" అని అడిగింది. ఆమె మా కాలేజీ మిద్దె ఎక్కలేదు. నేను ఆలోచించి, నీళ్ళట్యాంకు వుందన్నాను. ఆరడుగుల ఎత్తు ట్యాంకు, దానికి నాలుగడుగుల దూరంలో మా గిన్నెలు. అడ్డం ఎంత ఎత్తుంటే దానికి పదింతల దూరం వుండాలట. అంటే అరవై అడుగులు. నాలుగు నెలలు పడమటి గాలి వీస్తూనే వుంది, మా గిన్నెలు ట్యాంకు చాటున కునికాయి, నేను ఫోనును ఆడిపోసుకున్నాను.

అంతవరకు నవ్వులాటగానే వుంది. ఆమె ఇంకా పేజీలు తిప్పుతూ, వేలు పెట్టి ఒక వరుస చూపించింది. "ఇది చూడు. మిగతా రోజులు ఫోనుకూ నీకూ కుదరనే కుదరదు. ఆదివారాలు మాత్రం అంకెకు అంకె కలుస్తుంది. ముప్ఫై ఆదివారాలు. దసరా సెలవులు కూడా. ఎట్లా మామా?"

నేను జవాబు చెప్పలేదు. మా ఆవిడ మజ్జిగ తెచ్చి పెట్టి, మా ఇద్దరి మొగాలూ చూసి లోపలికి పోయింది.

సంగతేమిటంటే, ఆదివారం కాలేజీకి ఎవరు పోతారు? సోమవారం పుస్తకం తీస్తే ఖాళీ గడి నన్ను వెక్కిరించేది. హాజరుపట్టీలు పూర్తిచేసి చేసి నాకు ఖాళీ గడి అంటే చెయ్యి దురద. ఫోనులో నిన్నటి గాలి వుంటుంది కదా అని అదే అంకెను కోడిపుంజు గడిలోనూ వేసేవాణ్ణి. ఫోను మాట నిజమా అని పరీక్షించే పుస్తకంలో, ఫోను మాటనే సాక్ష్యంగా రాశాను. మోసమని తోచలేదు. శుభ్రత అనుకున్నాను.

ఇందులో నాకు బాగా గుచ్చుకున్నది మరొకటి. నేను పిల్లలకు ఏటేటా బ్రౌను దొరగారి కథ చెబుతాను. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో మా కడపకు వచ్చాడు. అక్కడ బంగళాలో పండితులను కూర్చోబెట్టి, పురుగులు తిన్న తాటాకు ప్రతులు తెప్పించి, ఒక ప్రతికి ఇంకొక ప్రతి పోల్చి చూపించి, పాఠాంతరాలు రాయించాడు. ఇవ్వాళ ఆ స్థలంలోనే ఆయన పేర గ్రంథాలయం వుంది. పండితుడు ఎంత గొప్పవాడైనా ఆకు చిరిగిపోయిన చోట తన కవిత్వం పెట్టరాదనీ, అక్కడ చుక్కలు పెట్టి 'గ్రంథపాతం' అని రాయాలనీ బల్ల గుద్ది చెబుతాను. ఆ పాఠం చెప్పి ఇంటికి వచ్చి నేను చేసింది ఇది.

మేనకోడలు మందలించలేదు. ఇంగ్లండుకు చెందిన రిచర్డ్‌సన్ అనే ఆయన కథ చెప్పింది. కంప్యూటర్లు లేని కాలాన, మొదటి ప్రపంచయుద్ధంలో, ఫ్రాన్సులో గాయపడినవారిని బండిలో మోసే పని చేస్తూ, తీరిక వేళల్లో కాగితం మీద గళ్ళు గీసి చేతితో వాతావరణం లెక్క వేశాడట. 1910 మే 20వ తేదీ కొలతలు తీసుకుని, ఆరుగంటలలో జర్మనీలో ఒకచోట గాలి ఒత్తిడి ఎంత మారుతుందో కట్టాడు. 145 మిల్లీబారులు పెరగాలని తేలింది. హుద్‌హుద్ అంతటి తుపాను నడిమధ్యన ఒత్తిడి మామూలుకంటే అరవై చిల్లర మాత్రమే తగ్గింది. నిజానికి ఆ రోజున అక్కడ ఒత్తిడి దాదాపు కదలనే లేదు! మధ్యలో ఆ కాగితాలు యుద్ధంలో పోయి, నెలల తర్వాత బెల్జియంలో బొగ్గుకుప్ప క్రింద దొరికాయట. మనమైతే బొగ్గుతోపాటు పొయ్యిలో పెట్టేవాళ్ళం. ఆయన 1922లో పుస్తకం వేసి, తప్పిన లెక్కను తప్పినట్లే అచ్చు వేయించాడు.

తర్వాతివాళ్ళు దాన్ని వెదికి చూశారు. పద్ధతి మంచిదే, మొదలు తీసుకున్న కొలతలలో గాలికీ ఒత్తిడికీ పొత్తు కుదరక, చిన్న తేడాలు పెరిగి పెద్దవైనాయని తేలింది. 1950లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటరు మీద తొలి లెక్క ఫలించింది. 1953లో చనిపోయే ముందు ఆ వార్త విన్నాడాయన. ఈనాడు మన ఫోనులో గాలి చెప్పే ప్రతి లెక్కకూ మూలం అక్కడే వుంది. ఆయన సిగ్గుపడి ఆ ఒక్క పుట చింపేసి వుంటే, వెదకడానికి ఏం మిగిలేది?

కథ ముగించి ఆమె కాస్త ఆగింది. "నిన్ను అంటున్నాను గాని, నేనూ అదే అంచున వున్నాను మామా" అంది. ఆమె పరిశోధనలో పదకొండు రోజులున్నాయట. ఆ రోజుల్లో కంప్యూటరు సముద్రపుగాలిని రెండేసి గంటలు తప్పించింది. ఆ పదకొండూ తీసేస్తే ఫలితం అద్దంలా వుంటుంది. యంత్రం సరిగా పనిచెయ్యలేదని ఒక వాక్యం రాస్తే అడిగేవాళ్ళు లేరు. యంత్రం బాగానే పనిచేసింది. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకునే ఏడు ఇది. "ఏం చెయ్యమంటావు?" అంది.

ముప్ఫై ఆదివారాల దొంగను నేనేం చెప్పను? నీకు తోచినట్లు చెయ్యి పాపా అన్నాను. ఆమె నా పుస్తకం మూసి నాకిచ్చింది.

ఆమె విశాఖ వెళ్ళిన మర్నాడు నేను ఎర్రసిరా కలం తీసుకుని, ప్రతి ఆదివారం గడినీ కొట్టేసి, ప్రక్కన 'గ్రంథపాతం' అని రాశాను. పుస్తకం చూడడానికి బాగా లేదు. వంతులు చూసే పిల్లలు ఇదేంది సార్ అంటే జరిగింది చెప్పాను. ఒకడు నవ్వాడు. ఇంకొకడు, తన వంతున రెండు బుధవారాలు తానూ మిద్దె ఎక్కకుండానే రాశానని, తల వంచుకుని చెప్పాడు. అవీ కొట్టేశాం. గిన్నెలను ట్యాంకుకు దూరంగా, మూల వెదురుబొంగు మీదికి మార్చాం. ఇప్పుడు ఫోనుకూ మాకూ పూర్వమంత వైరం లేదు. పూర్తి సఖ్యతా లేదు.

పోయిన నెల మేనకోడలు ఫోను చేసింది. పదకొండు రోజులనూ తీసెయ్యకుండా, ప్రక్కకు పెట్టి విడిగా చూసిందట. అన్నీ పడమటి గాలి బలంగా వున్న రోజులే. తూర్పుకనుమల మీదనుంచి దిగివచ్చే ఆ గాలి సముద్రపుగాలిని ఒడ్డునే నిలవేస్తుంది. కంప్యూటరు గళ్ళలో కొండలు నునుపై, పొట్టివై కనిపిస్తాయి గనుక ఆ పెనుగులాట దానికి సరిగా అందలేదని ఆమె అనుమానం. ఇంకా తేలలేదు. గురువుగారు దాని మీద ఒక అధ్యాయమే రాయమన్నారట. పని ఆరునెలలు వెనకబడింది. దరఖాస్తుల సంగతి నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆదివారాల కోసం మా ఇంటి మిద్దె మీద ఇంకొక రేకు కోడిపుంజును నిలబెట్టాను. అది వేరే చోటు గనుక దానికి వేరే పుస్తకం. చూసేది మా ఆవిడ. ఎనిమిదిన్నరకు ఏ పని వున్నా వదిలి ఎక్కుతుంది. ఒక ఆదివారం పుట్టింటికి వెళ్ళింది. ఆ గడిలో తిరిగివచ్చాక తన చేతితో 'ఊళ్ళో లేను' అని రాసింది.

ఈ మాఘంలో వడియాలు పెట్టే ముందు మిద్దె ఎక్కి కోడిపుంజును చూసింది. క్రిందికి వచ్చి, "మీ ఫోను ఏమంటున్నది?" అని అడిగింది. రెండూ తూర్పే అన్నాయి. ప్రక్కింట్లో ఇసుక పని అయిపోయి చాలా రోజులైంది. అయినా వడియాల మీద పలచటి గుడ్డ కప్పింది.